పిల్లలకు హింసాక్రీడల విక్రయము: నిషేధింపదగునా?

(గుంటూరు సీమలోని యొక పఠనమందిరమున, సభ్యుల కోరికపై మేము చేసిన యుపన్యాసపు పాఠము)



గతమాసమున ఈ పఠనమందిరపు కార్యవర్గము సమావేశమైనపుడు వృద్ధసభ్యు డొకరు లేచి, "చుట్టలు, సిగరెట్లు పిల్లవానికి అమ్మరాదని శాసనమున్నది గదా, మనుష్యులను కాల్చిచంపు ఆటలను మాత్రము ఏల అమ్మనిచ్చుచున్నారు?" అని అడిగిరి. ప్రశ్న చిన్నది. వృత్తిచే న్యాయవాదులము గనుక అందఱును మావంక చూచిరి. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాకీ తీర్చుకొనుటకే నేడిట నిలిచితిమి.

సాయంకాలము ఆఱు దాటిన పిదప ఈ భవనపు అరుగుమీదికి ఎవరైనను వచ్చి చూడవచ్చును. లోపల బల్లపై పత్రికలు పఱచియుండును, చదువువారు నలుగురైదుగురు. వెలుపల మెట్లపై పది పండ్రెండేండ్ల బాలురు ఎనమండుగురో, తొమ్మండుగురో తలలు వంచి కూర్చుందురు. వారు మాటలాడుకొనరని చెప్ప వీలులేదు. మాటలాడుకొందురు గాని ఒకరి ముఖ మొకరు చూచుకొనరు. "వెనక ఉన్నాడు, కాల్చు" అని యొకడు. "చచ్చాను, బతికించు" అని మఱియొకడు. లోపల పత్రిక చదువుకొను పెద్దమనిషి మొదట ఈ చావుబ్రతుకుల కేకలకు ఉలికిపడెడివాడు. కొన్నాళ్లకు అలవాటు పడినాడు. మేమును అలవాటు పడితిమి. అట్లు అలవాటు పడిపోవుటయే మమ్ము కలవరపెట్టినది.

ముందుగా 'విక్రయ' మనగా ఏమో తేల్చుకొందము. అమెరికాలో ఈ తగవు పుట్టిననాడు ఆట యనగా అట్టపెట్టెలో నుంచి దుకాణమున అమ్ము సరకు. కాలిఫోర్నియా రాష్ట్రము 2005లో, పదునెనిమిదేండ్లు నిండనివారికి క్రూరహింసతో కూడిన వీడియో ఆటలను అమ్మినను, అద్దెకిచ్చినను వేయి డాలర్ల వఱకు జరిమానా యని శాసించినది. అచట అమ్మువాడు కలడు, కొనువాడు కలడు, ఇరువురి నడుమ దుకాణపు బల్ల కలదు. ఆ బల్లయొద్ద పిల్లవాని వయస్సు అడుగవచ్చును. మన ఊళ్లలో ఆ బల్ల లేదు. నరసరావుపేటలో గాని, చిలకలూరిపేటలో గాని, అద్దంకిలో గాని బాలుడు తుపాకియాటకై దుకాణమునకు పోవలసిన పనిలేదు. ఆట ఊరకనే ఫోనులోనికి దిగును. దిగునపుడు పండ్రెండనియో పదునాఱనియో వయస్సు అంకె యొకటి కనబడును. ఆ అంకె వేయువాడున్నాడు గాని, దానిని చూపి ఆపువాడు లేడు. అమ్మకము తరువాత వచ్చును. ఆటలోని బొమ్మకు తొడుగు చొక్కా, తుపాకికి పూయు రంగు, లోపల నేమున్నదో తెఱచువఱకు తెలియని పెట్టె, ఇవి సరకులు. ధర కొన్ని పదుల రూపాయలతో మొదలై వేలకు పోవును. ఊరక వచ్చిన ఆటలో నిలిచియుండుటకు కాదు, తోటివారిలో తలయెత్తుకొని తిరుగుటకు బాలుడు సొమ్మిచ్చును. అంగడి యచటనున్నది.

మా కక్షిదారునొకని సంగతి చెప్పెదము. ఊరు, పేరు విడిచెదము. ఎకరము సొంతము, నాలుగెకరములు కౌలు. మిరప పండించు రైతు. గుంటూరు యార్డులో టిక్కీలు తూచి, కమీషను, కాటా కూలి పోగా వచ్చిన సొమ్ము బ్యాంకులో వేసికొని, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చుటకు పోయెను. తీరా చూడగా ముప్పదియెనిమిది వేలు తక్కువ. ఎవరో దొంగిలించిరని బ్యాంకువారితో జగడమాడి, లెక్కల కాగితము తీయించి మాయొద్దకు తెచ్చెను. రెండునెలలలో నూట పదునాలుగు మార్లు సొమ్ము పోయినది; ఒక్కొక్కమారు పోయినది స్వల్పము. తీసినవాడు ఎనిమిదవ తరగతి చదువు కొడుకు. ఫోనులోని రహస్యసంఖ్యను వాడు దొంగిలింపలేదు. తండ్రియే చెప్పెను. కరెంటు బిల్లు కట్టుటకు, ఎరువుల కొట్టుకు సొమ్ము పంపుటకు, యార్డులో నేటి ధర చూచి చెప్పుటకు ఆ ఇంట చదువు వచ్చినవాడు వాడొక్కడే. ఆ కుటుంబమునకు పదమూడేండ్ల గుమాస్తా వాడు.

మేము కంపెనీకి నోటీసు పంపితిమి. ఖాతా వయోజనునిది, షరతులను అంగీకరించినట్లు మీట నొక్కబడినది, కావున మాకు బాధ్యతలేదని ప్రత్యుత్తరము వచ్చెను. తిరిగి వ్రాసితిమి. కొన్ని నెలలకు పదునొకండు వేలు తిరిగి వచ్చెను, తక్కినది రాలేదు. ఆ సంగతి చెప్పుటకు రైతును పిలిపించగా, "డబ్బు పోతే పోయింది బాబూ, ఇంకో పంట పండిస్తాను. ఫోను లాక్కుంటే వాడు నా మీదకు చెయ్యెత్తాడు. దానికి నోటీసు ఎవరికి ఇవ్వాలి?" అని యడిగెను. ఇరువదేండ్లుగా న్యాయస్థానముల మెట్లెక్కుచున్నాము. దానికి జవాబు మా పుస్తకములలో దొరకలేదు.

సొమ్ము విషయమున మాత్రము మన చట్టము మూగది కాదు. 1872నాటి కాంట్రాక్టు చట్టము మైనరు ఒడంబడిక చేసికొనుటకు అర్హుడు కాడన్నది. 1903లో ప్రీవీకౌన్సిలు మొహరీబీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది: కలకత్తాలో ధర్మదాస ఘోషు అను మైనరు ఇల్లు తాకట్టుపెట్టి అప్పు తీసికొనెను, వాడు మైనరని వడ్డీవ్యాపారి తరపువానికి తెలిసియే యున్నది, ఆ తాకట్టు మొదటినుండియు చెల్లదని తేలినది. వడ్డీవ్యాపారి బాలుని కన్నులార చూచి అప్పిచ్చినవాడు. నేటి వ్యాపారి బాలుని చూడడు. చూడకుండుటకే యంత్రమును నిర్మించుకొన్నాడు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము, పదునెనిమిదేండ్లలోపువారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల యంగీకారము నిజమైనదని రూఢిచేసికొనవలెనని చెప్పుచున్నది. పిల్లల నడవడిని వెంటాడి గమనించుటను, వారికి గుఱిపెట్టి ప్రకటనలు వేయుటను కాదన్నది. మంచిమాట. కాని ఖాతా తండ్రిది గనుక, యంత్రపు దృష్టిలో మా కక్షిదారుని కొడుకు నలువదేండ్ల మిరపరైతు!

అమెరికాలో ఇట్టి వ్యవహారమే 2022 డిసెంబరులో తేలినది. 'ఫోర్ట్‌నైట్' ఆటను నడుపు ఎపిక్ గేమ్స్ సంస్థ, అచటి వాణిజ్య పర్యవేక్షక సంఘముతో రాజీపడి మొత్తము యాబది రెండుకోట్ల డాలర్లు చెల్లించుట కొప్పుకొన్నది. అందు ఇరువదినాలుగున్నర కోట్లు, కోరని కొనుగోళ్లలోనికి జనులను జార్చు మీటల యమరికకై తిరిగి యీయవలసిన సొమ్ము. తక్కినది పిల్లల సమాచారమును అనుమతిలేక సేకరించినందులకు దండన. బెల్జియము 2018లోనే, లోపల నేమున్నదో తెలియని యా పెట్టెలను జూదముగా లెక్కించినది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన శాసనము సొమ్మొడ్డి సొమ్ము గెలుచు ఆటలను నిషేధించినది; అట్లు ఒడ్డని ఆటలను వేఱు తరగతిగా విడదీసినది. అరుగుమీది మన బాలుర తుపాకియాట ఆ రెండవ తరగతికి చెందును.

ఇక హింస మాట. వృద్ధసభ్యుల ప్రశ్న యథార్థముగా దానిని గుఱించియే. ఇందు మేము నిష్పక్షపాతముగా మాటలాడవలెనన్నచో మొదట ఒక యొప్పుకోలు చేయవలెను. 1990 దాటిన తొలియేండ్లలో, టెలివిజనుకు తగిలించు పెట్టెను గంటకింతయని యద్దెకు తెచ్చుకొని, వేసవి సెలవులలో 'కాంట్రా' అను తుపాకియాట ఆడినవారలలో మేమును ఉంటిమి. చంపినవారికి లెక్కలేదు. ఆ జట్టులో నొకడు నేడు శస్త్రవైద్యుడు, ఒకడు పత్తివ్యాపారి, ఒకడు మీ ముందున్నాడు. ఎవరును ఎవరిని కాల్చలేదు. పత్తివ్యాపారి తూకమును గుఱించి మాత్రము మేము హామీ యీయజాలము.

పరిశోధకుల మాటయు తొందరపడవద్దనియే చెప్పుచున్నది. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘము 2015లో చేసిన తీర్మానమును 2020లో మరల పరిశీలించి, ఇట్టి ఆటలకును కసరుట, త్రోయుట వంటి దుడుకుతనమునకును స్వల్పసంబంధము కనబడుచున్నదనియు, హత్యలవంటి ఘోరములకు వీనిని కారణముగా చూపుటకు తగిన ఆధారము లేదనియు తెలిపినది. ఆక్స్‌ఫర్డు పండితులు వేయిమంది బ్రిటిషు బాలబాలికలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితములలో ఆ స్వల్పసంబంధము సైతము కనబడలేదు. కనుక ఊరిలో ఏ కుఱ్ఱవాడైనను కత్తిపట్టిన మఱునాడు ఆటమీద నేరము మోపుట సులభము గాని, వకీలుగా మేము ఆ కేసు నడుపజాలము.

మఱియు మనది పలనాటి గడ్డ. హింసతో కూడిన కథ పిల్లల చెవిని పడరాదన్నచో, మొదట మూయవలసినది కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరుల తిరునాళ్లను. బొంగరములాడు వయస్సున బాలచంద్రుడు యుద్ధమునకు పోయిన వృత్తాంతమును మన పిల్లలు తరతరములుగా విన్నారు. కత్తులున్నవి, తెగిన తలలున్నవి, నెత్తురు కాలువలున్నవి. అమెరికా సుప్రీంకోర్టు 2011లో కాలిఫోర్నియా శాసనమును ఏడుగురికి ఇరువురుగా కొట్టివేసినపుడు న్యాయమూర్తి స్కాలియా తెచ్చిన వాదమును ఇట్టిదే: గ్రిమ్ సోదరుల కథలలో హింస తక్కువా? సవతితల్లిని ఎఱ్ఱగా కాల్చిన చెప్పులతో చచ్చువఱకు ఆడింపలేదా? పిల్లలకు అవి చెప్పుట లేదా? అని.

ఈ వాదమును మేము చాలదినములు తలలో త్రిప్పుకొంటిమి. మొదట సరియనిపించినది. తరువాత, వీరుల కథను చెప్పువాడు ఎట్లు చెప్పునో జ్ఞప్తికి వచ్చినది. అందు చచ్చినవాడు చచ్చినట్లే. బాలచంద్రుడు తిరిగి రాడు. తల్లి ఏడ్చును, భార్య ఏడ్చును, వినుచున్న ముసలమ్మ కొంగుతో కన్నులొత్తుకొనును. ప్రక్కన కూర్చున్న మనుమడు ఆ కొంగును చూచును. కథ తెల్లవాఱుసరికి ముగియును, మరల ఏడాదికి గాని రాదు. మన అరుగుమీది ఆటలో చచ్చినవాడు అరనిముసములో లేచి మరల కాల్చును. దానికి తెల్లవాఱుట లేదు. ముగియకుండునట్లే దానిని కట్టినారు. నేడు రాకపోయిన రేపటి బహుమానము పోవునని పిల్లవానికి కబురు పంపు కథకుడు పలనాట నెన్నడును పుట్టలేదు. ఆటకు బానిసయగుటను రుగ్మతగా ప్రపంచారోగ్యసంస్థ 2019లో వ్యాధుల పట్టికకు ఎక్కించినది. ఆ పట్టిక 2022 నుండి అమలులోనికి వచ్చినది. మా కక్షిదారుని కొడుకు చెయ్యెత్తినది తుపాకిని చూచి నేర్చుకొని కాదని మా నమ్మకము. ఆట నడుమ ఫోను లాగుకొనుటవలన ఎత్తెను.

అట్లని హింస యేదైనను ఒకటియే యని చెప్పుట లేదు. అమెరికా తీర్పున భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి బ్రెయర్ మాట మాకు నచ్చినది: నగ్నచిత్రమున్న పత్రికను పదమూడేండ్ల బాలునికి అమ్మరాదని యొకవంక చెప్పుచు, స్త్రీని కట్టివేసి హింసించి చంపుటను బాలుడు తన చేతులార ఆడు ఆటను అమ్మవచ్చునని మఱియొకవంక చెప్పుట యేమి విజ్ఞత? అని. వినుట వేఱు, చేతితో చేయుట వేఱు. అట్టి ఆటలు కొన్ని పెద్దవారి కొఱకే చేయబడినవి. చేసినవారే పెట్టెపై పదునెనిమిది యని వ్రాసిరి. వానిని పిల్లలకు అమ్మకుండ నిషేధించుటకు మాకెట్టి సంకోచమును లేదు.

మన రాజ్యాంగమున అందుకు దారియున్నదా? ఉన్నది. అమెరికావారికి వాక్స్వాతంత్ర్యముపై శాసనము చేయుట కడు కష్టము. మనకు 19వ అధికరణమునందే మర్యాద, నీతి అను కారణములచే సమంజసమైన ఆంక్షలు విధింపవచ్చునని వ్రాసియున్నది. చలనచిత్రములను పెద్దలకు వేఱు, పిల్లలకు వేఱు అని విభజించు పద్ధతిని సుప్రీంకోర్టు 1970లో అబ్బాస్ వ్యాజ్యమున సమర్థించినది. మఱియొక సంగతి చాలమందికి తెలియదు. 1956లోనే మన పార్లమెంటు, నేరములను, క్రూరకృత్యములను, జుగుప్సాకరములైన సంఘటనలను చిత్రించి యువజనులను చెఱచు పుస్తకములను అమ్మరాదని ప్రత్యేక శాసనము చేసినది. విదేశపు బొమ్మల పుస్తకములకు భయపడిన కాలమది. ఆ శాసనము క్రింద వ్యాజ్యము నడుపగా మేము మా వృత్తిజీవితమున నొక్కమారును చూడలేదు. పుస్తకములోని శాసనము పుస్తకములోనే యున్నది.

ఇక్కడ మనకు సొంత యనుభవము కలదు. నిషేధ మను మాట ఈ సీమవారికి క్రొత్తది కాదు. ఒంగోలు మండలమునకు పేరిచ్చిన ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో మద్యనిషేధపు చర్చపైననే ఒకే యొక్క ఓటుతో పడిపోయినది. 1992లో పొరుగున నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించిరి, ఆ మంట రాష్ట్రమంతట ప్రాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. అంగడిని ఊరివారే మూసిననాడు మూతపడినది. పైనుండి ఉత్తర్వుచే మూసిననాడు వెనుక తలుపు తెఱచుకొన్నది.

ఆటల విషయమునను అట్లే జరిగినది. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము పబ్జీతో సహా నూట పదునెనిమిది యాప్‌లను నిషేధించినది. చాలమంది తల్లులు పిల్లల కొఱకే నిషేధించిరని సంతసించిరి. కాదు, కారణము దేశభద్రత, సమాచారరక్షణ. పిల్లవాని మాట ఆ యుత్తర్వున లేదు. 2021 జులైలో అదే ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' యని క్రొత్తపేరు పెట్టుకొని వచ్చెను. 2022 జులైలో మరల ఆపబడెను. 2023 మేలో, పిల్లలకు దినమునకు మూడు గంటల పరిమితితో, పరీక్షార్థమని అనుమతి పొందెను. ఈ రాకపోకల నడుమ మన బాలురు నేర్చినదేమి? వీపీఎన్ అను దొడ్డిదారి యెట్లు తెఱవవలెనో నేర్చిరి. మా యింట నేర్పినవాడు మా మేనల్లుడు, వయస్సు పదునొకండు.

ఇంతకంటె చెడ్డ యుదాహరణము రాజకోటలోనిది. 2019 మార్చిలో అచటి పోలీసువారు 144వ సెక్షను క్రింద పబ్జీని నిషేధించి, ఆడుచున్న యువకులను అరెస్టు చేసిరి. అందు కళాశాల విద్యార్థులు కలరు. అమ్మినవాడు సముద్రముల కావల సురక్షితుడు, ఆడినవాడు ఠాణాలో! దక్షిణకొరియా 2011 నుండి పదునాఱేండ్లలోపువారిని అర్ధరాత్రి మొదలు ఆఱుగంటల వఱకు ఆటకు దూరముంచి, పదేండ్లు చూచి, ఆ శాసనమును ఎత్తివేసినది. చైనా 2021లో, మైనర్లు వారాంతములందు, సెలవుదినములందు మాత్రము, రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వఱకు ఒక్కగంట ఆడవచ్చునన్నది. ప్రతివాని ముఖమును ప్రభుత్వము గుర్తుపట్టు దేశమున అది సాధ్యము కావచ్చును. మన పిల్లల ఆటకొఱకు మన ముఖములన్నియు అట్లు అప్పగింపవలెనా యను ప్రశ్నకు మా సమాధానము వలదనియే.

అయినచో వృద్ధసభ్యుల ప్రశ్నకు జవాబేమి? నిషేధింపవలెను. కాని దండన విక్రేతకే గాని, బాలునికిని తల్లిదండ్రులకును ఉండరాదు. పెద్దలకని వ్రాసిన ఆటను పిల్లల ఫోనులోనికి దింపనిచ్చిన యంగడి దండన పొందవలెను. తెలియని పెట్టెలను మైనర్లకు అమ్ముట జూదముగనే చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మైనరు ఆటలో చెల్లించిన సొమ్మును తండ్రి యడిగిన ముప్పది దినములలో తిరిగి యీయవలెను. కొన్నది వయోజనుడే యని నిరూపించు భారము కంపెనీపై నుండవలెను. 1903నాటి తీర్పుకు ఇంతకంటె పొడిగింపు అక్కఱలేదు. తిరిగి యీయవలసివచ్చు సొమ్మును పిల్లవానియొద్ద తీసికొనుటకు ఏ వర్తకుడును శ్రమపడడు. లాభము పోయిన పిదప రేపటి బహుమానపు కబురు సైతము తగ్గునని మా ఆశ.

ఇందు కొన్ని యాక్షేపణలు కలవు. పొరుగింటి తండ్రి తాను ఆడి, ఓడి, కొడుకుమీద పెట్టి సొమ్ము తిరిగి యడుగడా? అడుగును. అప్పు ఎగగొట్టుటకు మైనరునని బొంకినవారు పూర్వమును ఉండిరి. న్యాయస్థానములు వారిని పోల్చుకొన్నవి. ఒక యువసభ్యుడు, ఈ ఆటల పోటీలలో పేరు తెచ్చుకొనువారును ఉన్నారు, వారి దారి మూయుదురా యని మమ్మడిగినాడు. మూయము. చదరంగము ఆడువాడు పావులకు రంగుచొక్కాలు కొనడు గదా!

శాసనము వచ్చువఱకు చేయదగినది మన చేతులలో కొంత యున్నది. మిరప కోతలకాలమున తల్లిదండ్రులిద్దఱును తెల్లవాఱకమున్నే చేనికి పోవుదురు. దీపాలు పెట్టిన పిదప వత్తురు. ఆ పండ్రెండు గంటలు పిల్లవానికి బడి కొంత, ఫోను కొంత. 2020లో బడులు మూసిననాడు పాఠము కొఱకని ఫోను మనమే యిచ్చితిమి. 2022 డిసెంబరులో ప్రభుత్వము ఎనిమిదవ తరగతివారికి పలకఫోనులు పంచినది. తప్పని చెప్పము. కాని ఇచ్చినవారు ప్రక్కన కూర్చుండలేదు. వేటపాలెములో 1918లో సారస్వతనికేతనమును నెలకొల్పిన యువకులకు మనకంటె ధనమెక్కువ లేదు. తీఱికయు ఎక్కువ లేదు. మన పఠనమందిరపు వెనుకటి ఖాళీస్థలములో పాత బీరువాలు, విఱిగిన కుర్చీలు పడియున్నవి. వానిని తొలగించి ఒక వలగట్టి బంతి యిచ్చినచో, మెట్లపై కూర్చున్న తొమ్మండుగురిలో నలుగురైనను లేచివత్తురని మా యంచనా. కార్యవర్గము ఈ మాట మూడుమార్లు వాయిదా వేసినది. అధ్యక్షులు నవ్వుచున్నారు, నాలుగవమారు వేయకుందురు గాక.

కేంద్రప్రభుత్వమునకు పంపవలసిన మహజరును వ్రాసి తెచ్చితిమి. ఆ బల్లపై నున్నది. మొదటి సంతకము మా కక్షిదారునిది. వ్రేలిముద్ర వేయబోయి, కొడుకు చూచుచున్నాడని పేరే వ్రాసెను. అందు ఒక్కచోట ఖాళీ విడిచితిమి: ఎన్నియేండ్లలోపువారికి అమ్మరాదనవలెను? ఆస్ట్రేలియా సామాజిక మాధ్యమములకు పదునాఱు గీత గీసి, 2025 డిసెంబరు 10 నుండి అమలుపఱచినది. ఆటలను అందు చేర్చలేదు. మన సమాచార చట్టము పదునెనిమిదన్నది. కార్యవర్గమున ఐదుగురు పదునాఱనిరి, ఐదుగురు పదునెనిమిదనిరి. మెట్లపైనున్న బాలురను పిలిచి వారి మాటయు వినవలెనని మేము కోరుచున్నాము. ఇప్పుడే పిలిచినచో, ఆట సగములో నున్నదందురు; పది నిముసములు ఆగి పిలువుడు.